పాత సుమో డీజిల్: నాలుగు హీటర్ ప్లగ్గులూ కొత్తవే, అయినా పొద్దున్నే స్టార్ట్ కావట్లేదు

లంబసింగి_సుమో (చింతపల్లి)

అందరికీ నమస్కారం. మాది 1999 మోడల్ టాటా సుమో, 1948 సీసీ, టర్బో లేని పాత ఐడీఐ ఇంజన్ (డీజిల్ ముందు పక్కనున్న చిన్న గదిలో మండే రకం). నర్సీపట్నం, చింతపల్లి, లంబసింగి మధ్య తిరుగుతుంది. మా దగ్గర ఈ నెలల్లో తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, బానెట్ మీద మంచు తెల్లగా పేరుకుంటుంది.

పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ అందుకోదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన. చివరికి అందుకుంటే బండి మొత్తం ఊగిపోతూ కాసేపు కొట్టుకుంటుంది, తర్వాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. మధ్యాహ్నం ఆపి మళ్లీ తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్.

చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసే ముందు సిలిండర్లని కాచే హీటర్ ప్లగ్గులు పోయాయని షాపులో నాలుగూ కొత్తవి వేయించాను. ఏం తేడా లేదు. తాళం తిప్పితే మీటర్ బోర్డు మీద హీటర్ల కాయిల్ లైటు వెలుగుతోంది, ఆరుతోంది. నాలుగు ప్లగ్గులకీ కరెంటు పంచే లోహపు పట్టీకి టెస్ట్ ల్యాంప్ పెడితే చక్కగా వెలిగింది. కరెంటు వస్తోంది కాబట్టి ఇక డీజిల్ పంపు, నాజిల్స్ విప్పాల్సిందే అంటున్నారు. అది పెద్ద ఖర్చు. విప్పించే ముందు ఇంకేమైనా చూడాలా? ట్రిప్పులు పోతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్ (విజయవాడ)

తమ్ముడూ, పంపు జోలికి ఇప్పుడే వెళ్లకు. తెల్ల పొగ, డీజిల్ వాసన వస్తున్నాయంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది, అక్కడ మండట్లేదు. పంపు డీజిల్ ఇవ్వకపోతే, లైన్ నిండా ఎయిర్ పడితే, పంపు మీదున్న స్టాప్ సొలినాయిడ్ (డీజిల్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు) పని చేయకపోతే అసలు పొగే రాదు. ఈ తేడా ముందు చూసుకోవాలి.

మండకపోవడానికి రెండే పెద్ద కారణాలు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) తగ్గడం, లేదా హీటర్ల నుంచి సరిపడా వేడి రాకపోవడం. మధ్యాహ్నం ఒక్క దెబ్బకి అందుకుంటోంది, రోజంతా లాగుతోంది అంటున్నావు కాబట్టి నేనైతే ముందు హీటర్ లైన్ చూస్తాను.

ఇక ఆ టెస్ట్ ల్యాంప్ సంగతి. ఆ చిన్న బల్బు లాగేది అర ఆంప్ కూడా ఉండదు. నీ నాలుగు ప్లగ్గులూ కలిసి వేడెక్కాక కూడా 40 ఆంప్స్ వరకు లాగుతాయి, చల్లగా ఉన్న మొదటి క్షణంలో ఇంకా ఎక్కువ. చిలుం పట్టిన జాయింట్‌లో ఒక్క పోగు మిగిలినా బల్బు వెలుగుతుంది. ప్లగ్గు మాత్రం కాగదు. బల్బు వెలిగిందని లైన్ బాగుందనుకోవద్దు.

మల్టీమీటర్ ఉందా? ఉంటే ఇది చెయ్యి. ప్లగ్గుల వైర్లు ఏవీ ఊడదీయకు. మీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఎర్ర ప్రోబ్ ప్లగ్గుల పట్టీ మీద, నల్లది ఇంజన్ దిమ్మ మీద తుప్పు, పెయింట్ లేని చోట. ఎవరినైనా తాళం తిప్పమను, సెల్ఫ్ కొట్టొద్దు, కాయిల్ లైటు వెలిగే వరకే. అప్పుడు ఎన్ని వోల్టులు చూపిస్తోందో చెప్పు. అదే సమయంలో బ్యాటరీ టెర్మినల్స్ మీద ఎంతుందో కూడా చూసి పెట్టు.

పాలకొల్లు_పాతబండి

బ్రో, అంత గొడవ ఎందుకు? బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గా ఒక లావు వైరు లాగి డ్యాష్‌బోర్డులో పుష్ బటన్ పెట్టించుకో. నొక్కి పది, పదిహేను లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టు. మా వైపు పాత జీపులన్నీ అలాగే నడుస్తున్నాయి. ప్లగ్గులు ఎంతసేపు కాగాలో చూసే టైమర్ డబ్బా పోయినా దిగులుండదు.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

అలా పెట్టిన బండ్లు చాలా చూశాను అన్నా, నడుస్తాయి కూడా. కానీ 40 ఆంప్స్ ఆ బటన్ గుండా వెళ్తే బటన్ మాడిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఫ్యూజు లేని లావు వైరు తిరుగుతుంటే మంటలకి పిలిచి పీట వేసినట్టే. బటన్ పెట్టాలంటే అది రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) కాయిల్‌ని మాత్రమే నడపాలి. అసలు కరెంటు ఇంజన్ దగ్గరే, బ్యాటరీ పక్కన ఫ్యూజుతో, 70 ఆంప్స్ రిలే గుండా ప్లగ్గులకి వెళ్లాలి.

ఇంకో భయం ఉంది. డ్రైవర్ మారినప్పుడు కొత్తవాడికి ఎంతసేపు నొక్కాలో తెలియదు, అరనిమిషం నొక్కి పెడతాడు. ప్లగ్గు మొన ఉబ్బిపోతుంది. ఉబ్బిన ప్లగ్గు హెడ్‌లోంచి బయటికి రాదు. మొన విరిగి లోపల పడిందంటే ఇంజన్ విప్పాల్సిందే.

ముందు లోపం ఎక్కడుందో తెలియనివ్వండి, బటన్ సంగతి తర్వాత.

నల్గొండ_ఇండికా

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మాది టాటా ఇండికా డీజిల్, 1405 సీసీ పాతది. కాయిల్ లైటు రెండు సెకన్లకే ఆరిపోతోంది, చలికాలంలో కూడా. ఇది కూడా ప్లగ్గులేనా?

కరీంనగర్_డీజిల్‌మాస్టర్

ఇండికా తమ్ముడూ, ప్లగ్గులు పోయినా పాత బండ్లలో లైటు మామూలుగానే వెలుగుతుంది. ఆ లైటు టైమర్ చెప్పినట్టు వింటుంది, ప్లగ్గు కాగిందో లేదో దానికి తెలియదు. చాలా బండ్లలో లైటు ఆరాక కూడా ప్లగ్గులు కొంతసేపు వేడెక్కుతూనే ఉంటాయి. కాబట్టి లైటు ఆరగానే మీటర్ తీసేయకు, పట్టీ మీద వోల్టేజి ఎంతసేపు నిలుస్తుందో చూడు.

చలిలో కూడా మరీ తొందరగా ఆరుతోందంటే, ఆ టైమర్‌కి నీళ్ల వేడి చెప్పే సెన్సర్ ఉందేమో చూడు. ఆ సెన్సర్‌కి చల్లగా ఉంటే రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. లోపల షార్ట్ అయిందంటే ఇంజన్ కాగే ఉందనుకుని టైమర్ తొందరగా కట్ చేస్తుంది. చాలా వాటిలో ఆ కనెక్టర్ పీకేసి తాళం తిప్పితే బాగా చలిగా ఉందనుకుని ఎక్కువసేపు వెలిగిస్తుంది. అలా పీకినప్పుడు సమయం పెరిగితే సెన్సరే.

నల్గొండ_ఇండికా

థ్యాంక్స్ అన్నా. రేపు చూసి వేరే టాపిక్‌లో రాస్తాను, ఇక్కడ సుమో అన్నకి అడ్డం రాను.

లంబసింగి_సుమో

బెజవాడ అన్నా, మా తమ్ముడి దగ్గర మీటర్ తీసుకుని పొద్దున్నే చూశాను. తాళం తిప్పకముందు బ్యాటరీ 12.5. కాయిల్ లైటు వెలిగినప్పుడు బ్యాటరీ దగ్గర 11.9. ప్లగ్గుల పట్టీకి, ఇంజన్ దిమ్మకి మధ్య 8.3 మాత్రమే చూపించింది. పట్టీ ఊడదీసి వైరు ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే మళ్లీ 12 పైనే వస్తోంది! మీటర్ పాడైందేమో అనిపించింది.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

మీటర్ బంగారంలా ఉంది. లోడు లేనప్పుడు 12, లోడు పడగానే 8.3. మధ్యలో 3.6 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

దీన్ని చిన్నగా అనుకోవద్దు. వేడి వోల్టేజితో సమానంగా తగ్గదు, వోల్టేజి వర్గంతో తగ్గుతుంది. బాగున్న లైన్‌లో 11.5 రావాలనుకుందాం. 8.3ని 11.5తో భాగించి వర్గం చేస్తే 0.52. అంటే నీ కొత్త ప్లగ్గులకి సగం వేడే పుడుతోంది. ఎండాకాలంలో నర్సీపట్నంలో ఆ సగంతోనే బండి అందుకునేది, నీకు తెలిసేది కాదు. మంచు పడే చోట చాలదు.

ఇప్పుడు ఎక్కడ తింటోందో పట్టుకోవాలి. రెసిస్టెన్స్ కొలిచి ఇది దొరకదు. 40 ఆంప్స్ దగ్గర 2 వోల్టులు పడిపోవడానికి 0.05 ఓమ్ చాలు. మామూలు మీటర్ ప్రోబులు రెండూ కలిపి పట్టుకుంటేనే 0.2, 0.3 చూపిస్తాయి. అందుకే లోడు మీదే వోల్టేజి డ్రాప్ చూడాలి. మీటర్‌ని బ్యాటరీకి అడ్డంగా కాకుండా, ఒకే వైరుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ప్రోబ్ పెట్టు. లైటు వెలుగుతుండగా చూపించేదంతా ఆ ముక్కలో పోతున్న వోల్టేజే.

ముందు రెండు కొలతలు. బ్యాటరీ ప్లస్ నుంచి ప్లగ్గుల పట్టీకి. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ దిమ్మకి. ప్రోబులు బ్యాటరీ క్లాంపు మీద పెట్టొద్దు, సీసం పోస్ట్ మీదే పెట్టు. చాలాసార్లు క్లాంపుకీ పోస్టుకీ మధ్యే దొంగ ఉంటాడు.

మధ్యమధ్యలో ప్లగ్గులు చల్లారనివ్వు. వెంటవెంటనే తిప్పితే అవి మాడతాయి, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

డాలస్_డీజిల్‌ట్రక్

ఇక్కడ నా దగ్గర పాత ఫోర్డ్ 7.3 పవర్‌స్ట్రోక్ ఉంది, ఎనిమిది ప్లగ్గులు. దానికి రిలే ఇంజన్ పైనే ఉంటుంది, రెండు లావు పోస్టులతో. ఆ ఇంజన్‌కి ఇది బాగా తెలిసిన రోగం. రిలే టక్‌మని కొట్టుకుంటుంది కానీ లోపలి కాంటాక్టులు మాడిపోయి కరెంటు సరిగా దాటనివ్వవు. శబ్దం విని రిలే బాగుందనుకుంటారు. రిలే రెండు పోస్టుల మీద ప్రోబులు పెట్టి ఆన్‌లో చూస్తే 0.3 దాకా ఉంటే నేను వదిలేస్తాను, అంతకు మించితే మార్చేస్తాను. సుమోకి రిలే వేరే రకమైనా ఈ పరీక్ష ఒకటే. 30, 87 అని రాసి ఉన్న పిన్నుల మధ్య చూడండి.

క్వాలిస్_కర్నూలు

ఈ టాపిక్ చదివి ఎవరైనా టయోటా బండ్ల మీద ఇవే లెక్కలు వేస్తారేమోనని ఒక మాట. పాత టయోటా డీజిల్ ఇంజన్లలో కొన్నింటికి రెండు రిలేలు, మధ్యలో రెసిస్టర్ ఉంటాయి. మొదట గట్టిగా కాచి, తర్వాత తక్కువ వోల్టేజితో నిలబెడతాయి. వాటి ప్లగ్గులు 12 వోల్టులవి కాకపోవచ్చు. ప్లగ్గు షెల్ మీద చెక్కిన వోల్టేజి, నంబరు చదవకుండా బ్యాటరీ డైరెక్ట్‌గా తగిలిస్తే కొన్ని సెకన్లలో కాలిపోతుంది. కొత్త బండ్లలో సిరామిక్ ప్లగ్గులు ఇంకా సున్నితం, వాటిని 12 వోల్టుల మీద పెట్టి చూడనే కూడదు.

పాలకొల్లు_పాతబండి

సరే, ఒప్పుకుంటాను, డైరెక్ట్ వైరు మంచిది కాదు. కానీ ఈలోగా సుమో అన్న ట్రిప్పులు పోకుండా ఉండాలంటే ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెడితే అందుకుంటుంది కదా?

కరీంనగర్_డీజిల్‌మాస్టర్

అస్సలు వద్దు! ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి పెట్రోల్ ఆవిరి గానీ, స్టార్టింగ్ స్ప్రే గానీ పంపిస్తే ఎర్రగా కాగిన ప్లగ్గు మొన తగిలి వేళ కాని వేళ పేలుతుంది. పిస్టన్ పగలొచ్చు, రింగులు విరగొచ్చు, మానిఫోల్డ్‌లోంచి మంట వెనక్కి తన్ని మొహం మీద కొట్టొచ్చు. మా షెడ్డుకి పిస్టన్ నెత్తి పగిలి వచ్చిన బండ్లలో ఈ అలవాటు ఉన్నవే ఎక్కువ.

ట్రిప్పు పోకూడదంటే రాత్రి బండిని వాలు మీద కాకుండా గోడ చాటున, గాలి తగలని చోట పెట్టండి. పొద్దున్నే బానెట్ లేపి తడి తుడవండి. ప్లగ్గులు కాగిన వెంటనే సెల్ఫ్ కొట్టండి, అందుకోకపోతే బ్యాటరీకి కొంచెం విరామం ఇచ్చి మళ్లీ కాచండి. ఈలోగా బెజవాడ అన్న చెప్పిన కొలతలు పూర్తి చేయండి.

లంబసింగి_సుమో

కొలతలు ఇవిగో. బ్యాటరీ ప్లస్ నుంచి పట్టీకి 2.7. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ దిమ్మకి 0.9.

తర్వాత ప్లస్ వైపు ముక్కలు ముక్కలుగా చూశాను. బ్యాటరీ నుంచి పెద్ద ఫ్యూజు వరకు 0.1. ఫ్యూజుకి రెండు పక్కలా 0.2. రిలే 30 నుంచి 87కి 0.3. రిలే నుంచి ప్లగ్గుల పట్టీకి వెళ్లే వైరులో 2.1!

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

శభాష్. మొత్తం కూడితే 2.7 వచ్చింది చూడు, అంటే కొలతల్లో ఏదీ తప్పిపోలేదు. ఇక ఆ రిలే నుంచి పట్టీకి వెళ్లే వైరు మీద నల్ల టేపు ఎక్కడ చుట్టి ఉందో చూడు, అక్కడ విప్పు. మైనస్ వైపు ఇంజన్ నుంచి బాడీకి ఉండే రాగి జడ కూడా చూడు. రెండూ ఒకేసారి బాగు చేయి, ఒక్కటి చేసి ఆగొద్దు.

లంబసింగి_సుమో

దొరికింది అన్నా. ఫైర్‌వాల్ దగ్గర టేపు విప్పితే ఎవరో ఎప్పుడో వైరు తెగితే అతికిన చోటు. లగ్గు (వైరు చివర నొక్కే లోహపు కొస) లేదు, సోల్డరు లేదు, రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు లోపల జిగురు కారి నల్లగా అయింది. రాగి పోగులు సగం పచ్చటి చిలుంతో పొడి పొడిగా రాలిపోయాయి, మిగిలినవి ముదురు గోధుమ రంగుకి మారాయి. వైరు తొడుగు వేలెడు దూరం బిరుసెక్కి, వంచితే పెళ్లల్లా విరిగింది. అక్కడ వేడెక్కుతోందని చూడగానే తెలుస్తోంది. ఫైర్ కాకపోవడం మా అదృష్టం.

ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ జడ బోల్టు కింద మొత్తం తుప్పు. జడలో కొన్ని పోగులు తెగి వేలాడుతున్నాయి.

ఏ సైజు వైరు వేయాలి? షాపులో 4 స్క్వేర్ చాలంటున్నారు.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

4 వద్దు. దూరం తక్కువే అయినా 10 స్క్వేర్ ఎంఎం, సన్న పోగుల ఆటోమోటివ్ కేబుల్ వేయించు. ఇంటి వైరింగ్ వైరు వద్దు, ఇంజన్ ఊపుకి అది లోపలే విరుగుతుంది. రెండు చివరలా రాగి లగ్గులు, సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించు, సుత్తితో కొట్టి అతికించడం కాదు. మీద హీట్ ష్రింక్ స్లీవ్. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తగలకుండా క్లిప్పు వేయించు.

ఎర్త్ జడ కొత్తది వేసేటప్పుడు దిమ్మ మీద, ఛాసిస్ మీద బోల్టు కూర్చునే చోట ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దు, బిగించాక పైన గ్రీజు రాయి. గ్రీజు ముందు కాదు, తర్వాత. ప్లగ్గుల మీద పట్టీ తీసి రెండు వైపులా అలాగే రుద్దు.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ప్లగ్గు నెత్తి మీదుండే చిన్న నట్టు పానాతో గట్టిగా బిగించేది కాదు. ఎక్కువైతే మధ్య పుల్ల మెలితిరిగి లోపల తెగుతుంది.

లంబసింగి_సుమో

వైరు, జడ రెండూ మార్పించాను. ఇప్పుడు లైటు వెలిగినప్పుడు బ్యాటరీ దగ్గర 11.8, పట్టీ మీద 11.1. పొద్దున్నే బండి వెంటనే అందుకుంది! ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

ఒక్కటే మిగిలింది. అందుకున్నాక కొద్దిసేపు ఒక సిలిండర్ కొట్టనట్టు ఊగుతోంది, కొంచెం తెల్ల పొగ. తర్వాత సర్దుకుంటుంది.

కరీంనగర్_డీజిల్‌మాస్టర్

పట్టీ ఊడదీసి నాలుగు ప్లగ్గులూ విడివిడిగా రెసిస్టెన్స్ చూడండి. ముందు ప్రోబులు రెండూ కలిపి ఎంత చూపిస్తుందో రాసుకుని దాన్ని తీసేయండి. 12 వోల్టుల లోహపు ప్లగ్గు చల్లగా ఉన్నప్పుడు సుమారు అర ఓమ్ నుంచి ఒక ఓమ్ మధ్య ఉంటుంది. నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ప్లగ్గులు ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి చచ్చినా మిగతా మూడు పని చేస్తాయి, పట్టీ మీద వోల్టేజి చూసి అది తెలియదు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ దొరికితే ఇంకా మంచిది.

లంబసింగి_సుమో

0.8, 0.8, 0.9. మూడో సిలిండర్‌ది మీటర్ అసలు చూపించట్లేదు, ఓపెన్, అంటే లోపల తెగింది. వేసి ఎక్కువ రోజులు కూడా కాలేదు. నెత్తి మీది నట్టు పట్టుకుంటే మధ్య పుల్ల నట్టుతో పాటు కదులుతోంది.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

నట్టు బిగించినప్పుడే తెగింది. ఆ ఒక్కటే మార్చు, కానీ చల్లటి ఇంజన్ మీద విప్పకు. ముందు రాత్రే ప్లగ్గు మొదట్లో పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి ఉంచు, తర్వాత బండి ఒక రౌండ్ తిప్పి, హెడ్ వేడిగా ఉన్నప్పుడు విప్పు. కొత్తగా వేసిందే కాబట్టి సులువుగానే రావాలి. బిగిసినట్టు అనిపిస్తే బలం పెట్టకు, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడించు. ప్లగ్గు హెడ్‌లో విరిగితే ఇన్నాళ్లూ మిగిల్చిన డబ్బంతా అక్కడే పోతుంది. మిగతా మూడు ప్లగ్గుల మీదున్న నంబరే ఉన్నది తీసుకో, కంపెనీ మారితే కాగే వేగం మారుతుంది.

బయటికి వచ్చాక మొన చూసి చెప్పు. చుట్టూ సమానంగా మసి ఉంటే సరే. ఒక పక్క మాత్రమే కాలి, కరిగినట్టుంటే ఆ సిలిండర్ నాజిల్ కారుతోందని అర్థం, అప్పుడు ఆ ఒక్క నాజిల్‌ని టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి.

లంబసింగి_సుమో

తీశాను, వేడి మీద తేలిగ్గా వచ్చింది. మొన చుట్టూ ఒకేలా పల్చటి మసి, ఎక్కడా కరగలేదు. అదే నంబరు ప్లగ్గు పెట్టాం, చిన్న పానాని వేళ్లతో పట్టుకుని నట్టు బిగించాను. రెసిస్టెన్స్ 0.8. ఈ పొద్దున లంబసింగి జంక్షన్ దగ్గర రాత్రంతా బయట పెట్టిన బండి ఊగకుండా అందుకుంది. పొగ సన్నగా వచ్చి ఆగిపోయింది. పంపు విప్పలేదు.

మా స్టాండ్‌లో ఇంకో రెండు పాత సుమోలకి ఇదే ఇబ్బంది ఉంది. రేపు వాటి పట్టీల మీద కూడా లోడు మీదే వోల్టేజి చూస్తాను.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

చూసి కొలతలు ఇక్కడే పెట్టు తమ్ముడూ. వాటిలో ఒకదానికి 11 పైన వచ్చి, నాలుగు ప్లగ్గులూ బాగుండి, అయినా తెల్ల పొగే వస్తుంటే అప్పుడు కంప్రెషన్ గేజ్ తెప్పించుకోండి.